ధైర్యం పుస్తకమూ టెంకాయ నీళ్ళూ

ఇది ఒక మహాగాథ. ఇందులో రక్తం ఏరులై పారుతుంది. మృత్యువుతో వారానికి మూడుసార్లు ముఖాముఖి తలపడే వీరులుంటారు. దాహంతో అల్లాడే జనముంటారు. ఒక గ్రంథం పుట్టుక ఉంటుంది. చివర్లో ఒక వీరమరణం కూడా ఉంది.

అంత లేదు. రక్తం పారేది ప్లాస్టిక్ గొట్టాల్లో. ఒక గొట్టంలోంచి మిషన్లోకి పోయి ఇంకో గొట్టంలోంచి మళ్ళీ నాకే వస్తుంది. వీరులు ఆ నాలుగు గంటలూ నోరు తెరుచుకుని నిద్రపోతారు. గ్రంథం అంటే నడుమ రెండు పిన్నులు కొట్టిన చిన్న పుస్తకం, దాన్ని రాసింది నేను. వీరమరణం సంగతి అక్కడికి వచ్చాక మీరే చూడండి.

నేను కర్నూల్లో ఒక డీటీపీ షాపులో పని చేస్తాను. పెళ్ళి పత్రికలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, శ్రద్ధాంజలి పోస్టర్లు మా వ్యాపారం. మూడింటికీ పూల అంచు ఒకటే, రంగు మారుస్తాం. సొంతూరు కడప జిల్లాలో, కమలాపురం దగ్గర ఒక పల్లె. డిగ్రీ అయిపోయి ఈ పనిలో చేరిన కొన్నాళ్ళకు కాళ్ళు వాచాయి. కొత్త చెప్పుల వల్ల అనుకున్నాను. తర్వాత ముఖం వాచింది. పట్నం నీళ్ళు పడినాయి, ఒళ్ళు చేసినావని ఊళ్ళో మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోళ్ళ మధ్యే నా రెండు కిడ్నీలూ చెడిపోయాయి. అప్పటినుంచి సోమ, బుధ, శుక్రవారాలు నా రక్తాన్ని మిషన్ కడుగుతుంది. మిగతా రోజుల్లో నేను ఇతరుల పెళ్ళి పత్రికలు దిద్దుతాను.

మా దిక్కున మంచం పట్టినవాణ్ణి చూడడానికి ఎవరూ ఉత్తచేతులతో రారు. టెంకాయలో చీనీకాయలో, అంటే బత్తాయిలో, తెస్తారు, బంధుత్వం దగ్గరైతే రెండూ తెస్తారు. టెంకాయను అక్కడే కొట్టి, నీళ్ళు గ్లాసులో పోసి, రోగి తాగేదాకా ఎదురుగా కూర్చుంటారు. తాగితే వాళ్ళు వచ్చిన పని అయినట్టు. నాకు జబ్బు బయటపడ్డ కొత్తలో మా ఇంట్లో చీనీకాయలు గుట్టలుగా పడ్డాయి. వాటిలో ఒక్కటి కూడా నేను ముట్టకూడదు. కిడ్నీలు పని చేయని ఒంట్లో పొటాషియం బయటికి పోయే దారి ఉండదు. అది చేరి చేరి గుండెను ఆపేస్తుంది. టెంకాయ నీళ్ళలో అది దండిగా ఉంటుంది. చీనీలోనూ ఉంటుంది. డాక్టరు ఈ మాట చెప్పినప్పుడు మా అమ్మ నమ్మలేదు.

"టెంకాయ నీళ్ళు తాగి సచ్చిపోయినోన్ని యాడన్నా సూసినారా సార్?" అని అడిగింది.

"చూశానమ్మా" అన్నాడు డాక్టరు.

ఆ తర్వాత మా అమ్మ ఆ చీనీకాయలను వీధి పిల్లలకు పంచింది. వాళ్ళు ఆ ఎండాకాలమంతా నా జబ్బు వల్ల చాలా ఆరోగ్యంగా ఉన్నారు.

పుస్తకం సంగతికి వస్తాను. మా ఊరి చర్చి పాస్టరును మేం అయ్యగారు అంటాం. ఆరాధన మధ్యలో ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెప్పడం మా చర్చిలో ఆనవాయితీ. పడిన కష్టం, అది తీరిన వైనం, చివర్లో స్తోత్రం. విన్నవాళ్ళు ధైర్యం తెచ్చుకుంటారు. ఎవరూ పైకి చెప్పని నియమం ఒకటుంది: కష్టం తీరాకే లేవాలి. కష్టం నడుస్తుండగా లేచి, ఇంకా నడుస్తానే ఉందని చెప్పి కూర్చున్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ఒక ఆదివారం అయ్యగారు నన్ను పక్కకు పిలిచాడు.

"నాయనా, నీ మాదిరి జబ్బుతోనో అవిటితనంతోనో మంచాన పడినోళ్ళు మన సంఘాల్లో శానామంది ఉండారు. వాళ్ళకు ధైర్యం చెప్పే పుస్తకం ఒగటి రాయి. నీకు కంప్యూటరు పని గూడా తెలుసు గదా."

"రాస్తా అయ్యగారూ. ఆఖర్లో ఏం రాయాల?"

"స్వస్థత."

"నాకింకా కాలేదే."

"నువ్వు రాసేలోపల అయితాదిలే. ఏ పనైనా నిదానంగానే చేస్తావు గదా నువ్వు."

పేరు కూడా ఆయనే పెట్టాడు. 'మంచం మీద మహిమ'.

రాయడం మిషన్ మంచం మీదే మొదలుపెట్టాను. ఎడమ చేతిలో రెండు సూదులుంటాయి, ఆ చెయ్యి కదపకూడదు. కుడిచేతి బొటనవేలితో ఫోన్లో కొట్టేవాణ్ణి. మొదటి అధ్యాయం పేరు 'తుఫానులో దీపం'. అందులో నేను పొద్దున లేస్తూనే చిరునవ్వు నవ్వుతాను. సూదులు గుచ్చేటప్పుడు కూడా ఆ నవ్వు చెరగదు. రాస్తున్నప్పుడు నాకే కొంచెం అసూయ కలిగింది.

నా పక్క మంచం ఒక అక్కది. కోసిగి దిక్కు పల్లె. మొగుడూ పెళ్ళామూ ఏటా సుగ్గికి పోయేవాళ్ళు. పంట చేతికి రాని కాలంలో వేరే జిల్లాలకు కూలికి వలస పోవడాన్ని అక్కడ అట్లా అంటారు. మిరపకాయలు కోస్తూ కోస్తూ ఒకరోజు చేన్లోనే పడిపోయిందట. వాళ్ళకు దగ్గరి ఊళ్ళో మిషన్లున్నాయి గానీ మంచం ఖాళీ లేదు. అందుకని తెల్లవారకముందే లేచి, రెండు బస్సులు మారి కర్నూలుకు వచ్చేవాళ్ళు. ఆమె మొదటిసారి నన్ను పలకరించిన తీరు ఇది:

"ఏమప్పా, నువ్వు పుట్టినప్పటినుంచి ఇంత లావా, నీల్లు పట్టినాయా?"

"నీళ్ళే అక్కా."

"నయం. నీల్లయితే మిషను తీస్తాది."

పడుకున్నంతసేపూ ఆమె అందరినీ తిట్టేది. సూది గుచ్చే పిల్లను, ఫ్యానును, బస్సు డ్రైవరును, మంచం కాళ్ళ దగ్గర స్టూలు మీద కునికే మొగుణ్ణి. ఆమె తిట్లు వినిపించకపోతే నర్సు వచ్చి బీపీ చూసేది.

ఒక సోమవారం ఎవరినీ తిట్టలేదు. బీపీ బాగానే ఉంది. మొగుడు టీకి బయటికి పోయాక నావైపు తిరిగింది.

"ఈ వారంతో సాలప్పా. ఇంగ రాను."

రాకపోతే ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. కొందరికి వారం, కొందరికి ఇంకొన్ని రోజులు. ఆమెకూ తెలుసు. ఏమైందక్కా అని అడిగాను.

"ఏమయ్యేది ఏముండాది. మంచంలో పడింది నేనొగదాన్నే అయితే సరే. మా ఆయప్పను గూడా ఈ మంచానికే కట్టేస్తి. ఊరంతా సుగ్గికి పోయింది. ఆయప్ప ఈడ స్టూలు మీద కూసోని నిద్దర పోతాండాడు. కూలోడప్పా. కూసోని కూసోని నడుం పట్టుకుంటాండాది ఆయప్పకు."

నా దగ్గర ఉన్నది 'తుఫానులో దీపం' ఒక్కటే. కాబట్టి ఫోను తీసి దాన్నే చదివాను. ధైర్యం చెప్పే పుస్తకాన్ని ధైర్యం అవసరమైన మనిషికి చదవడం అదే మొదటిసారి. అక్క కళ్ళు మూసుకుని వింది.

"వ్యాధి ఒక వరం" అని చదివాను.

"ఎవురికి?" అంది కళ్ళు తెరవకుండానే.

నేను తర్వాతి పేరాకు పోయాను.

"పొద్దున లేస్తానే నగుతాండాడే, ఆయప్ప ఎవురు?"

"నేనే అక్కా."

"నిన్ను నేను పొద్దున్నే సూస్తానే ఉండా గదప్పా."

ఇంకో పేజీ విన్నాక చెయ్యి అడ్డం పెట్టింది. "నీ బుక్కులో మనిషికి దాహం కాదా?"

అప్పుడు చూసుకుంటే నిజంగానే ఎక్కడా దాహం లేదు. తుఫాను ఉంది, లోయ ఉంది, ఎడారి కూడా ఉంది, ఆ ఎడారిలో నడిచేవాడికి మాత్రం దాహం వేయదు. మా జబ్బులో ఉండేదే దాహం. రోజుకు రెండు పెద్ద గ్లాసుల నీళ్ళు, పప్పులో నీళ్ళూ మాత్ర మింగే నీళ్ళూ అన్నీ ఆ లెక్కలోనే. ఎక్కువ తాగితే అవి ఊపిరితిత్తుల్లో చేరతాయి.

"మా ఊర్లో ట్యాంకరు కాడ ఆడోళ్ళంతా సిగలు పట్టుకోని కొట్లాడుకుంటారు నీల్లకు" అంది అక్క. "నేను గూడా కొట్లాడి బిందె తెస్తా. తెచ్చి ఇంట్లో పెట్టుకోని దాని మొగం సూస్తా కూసుంటా. నీ బుక్కులో ఇది రాయి."

"నాకు తెలీదు కదా అక్కా, మీ ఊళ్ళో ఎట్లుంటుందో. బుధవారం వచ్చి చెప్పు. అప్పుడు రాస్తా."

అది ఎత్తుగడ అని ఆమెకు అర్థమయింది. నా ముఖంలోకి కాసేపు చూసి, "శానా తెలివిమంతుడివి" అంది. బుధవారం వచ్చింది. ఆరోజు సగమే చెప్పింది. మిగతా సగం శుక్రవారానికి ఉంచింది. ఎత్తుగడలు ఆమెకూ తెలుసు.

అట్లా ఆ అధ్యాయం కొన్ని నెలలు నడిచింది. పేరు 'నీళ్ళు'. ఉప్పు తగ్గిస్తే దాహం తగ్గుతుందని అందులో ఉంది. నీళ్ళు టీ గ్లాసుతో తాగితే ఎక్కువ తాగినట్టుంటుందని ఉంది. నోరు పుక్కిలించి ఉమ్మేయాలని ఉంది, ఉమ్మేటప్పుడు ఒక గుటక దొంగతనంగా లోపలికి పోతుందని కూడా ఉంది. అది రాయమని అక్కే పట్టుబట్టింది. తర్వాత టెంకాయల సంగతి వచ్చింది. తెచ్చినవాళ్ళు ఎదురుగా కూర్చుంటే ఏం చేయాలని నేనడిగాను.

"వద్దంటే బాదపడతారప్పా. తీసుకోవాల. నోటికాడ పెట్టుకోవాల. మాటల్లో పెట్టి పక్కన పెట్టాల. ఆమైన మా ఆయప్ప తాగుతాడు. సూడు, నా టెంకాయలన్నీ తాగి ఎట్ల నిగనిగలాడుతాండాడో."

స్టూలు మీద ఉన్న బావ సిగ్గుపడి నవ్వాడు. ఆమెను అక్క అంటున్నాను కాబట్టి ఆయన నాకు బావ. ఆయన నిగనిగలాడిందేమీ లేదు.

ఆ అధ్యాయం చివర 'రోగిని చూడవచ్చేవారు టెంకాయలు, చీనీకాయలు తేవద్దు' అని కూడా రాశాను. ఇంగ రాను అనే మాట మళ్ళీ అక్క నోట రాలేదు. పుస్తకమంతటికీ నేను సాధించిన ధైర్యం అదొక్కటే.

రాసిందంతా అయ్యగారికి ఇచ్చాను. ఆయన మా షాపుకే వచ్చి, పెళ్ళి పత్రికల నమూనాల పక్కన కూర్చుని, ఎర్రపెన్నుతో చదివాడు. 'తుఫానులో దీపం' దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు. 'నీళ్ళు' దగ్గర పెన్ను మూత తీశాడు.

"ఇది వంటింటి సంగతి నాయనా. మన పుస్తకంలో ధైర్యం ఉండాల."

"అందులో ఉంది కదా అయ్యగారూ."

"ఆయమ్మ ధైర్యం ఉండనీ. అందర్నీ తిట్టినా మిషనుకు వస్తాండాదే, అది బాగుండాది. ఈ ఉమ్మేది, పుక్కిలించేది తీసేద్దాం. టెంకాయలు తేవద్దంటే చూడనీకె వచ్చేవాళ్ళు నొచ్చుకుంటారు. ప్రేమతో తెస్తాండారు వాళ్ళు."

"ప్రేమలో పొటాషియం ఉంది అయ్యగారూ."

"అది డాక్టర్లు చెప్తార్లే."

ఆయన చెడ్డవాడు కాదు. మా పల్లెలో ఎవరు మంచం పట్టినా మొదట గడప తొక్కేది ఆయనే, చేతిలో టెంకాయతో. నాకు స్వస్థత ఇంకా కాలేదు కాబట్టి ఆఖరి అధ్యాయం ఆయనే రాశాడు. 'రోగులను దర్శించండి' అని దాని పేరు. మంచాన ఉన్నవాళ్ళను ఊరు మరచిపోతుందని, వెళ్ళి చూడమని, ఉత్తచేతులతో కాక ప్రేమతో వెళ్ళమని రాశాడు. పుస్తకంలో అన్నిటికంటే బాగా రాసిన అధ్యాయం అదే. దాన్ని టైపు చేసింది నేనే. తప్పులు కూడా లేవు.

'నీళ్ళు'లో అక్క తిట్లు మాత్రం మిగిలి పుస్తకం అచ్చయింది. అక్కకు ఒక కట్ట ఇచ్చాను. తనకు చదువు రాదు గనుక బావ చేత తన పేజీ వెతికించుకుంది.

"నా పేరు ల్యాదేమప్పా?"

"ఎవరి పేర్లూ లేవక్కా. 'కోసిగి దిక్కు అక్క' అని ఉంది."

"ఆ దిక్కున అక్కలు శానామంది ఉండారు గదా. నేనే అని ఎట్ల తెలుస్తాది?"

"మంచంలోంచి అందర్నీ తిట్టే అక్క అని రాసినా."

"అట్లయితే తెలుస్తాది" అంది తృప్తిగా.

తెలిసింది. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకుని కూర్చున్నప్పుడు, చదువు వచ్చిన ఒక కోడలు ఆ పుస్తకం పైకి చదివిందట. తిట్లు వచ్చిన చోట అందరూ నవ్వి, ఆఖరి అధ్యాయాన్ని మళ్ళీ చదివించుకున్నారట. సుగ్గికి పోయినవాళ్ళు తిరిగొచ్చే కాలం కూడా అదే. ఒక శుక్రవారం అక్క ఈ సంగతులన్నీ చెప్పింది. నేను పెళ్ళికూతుళ్ళ ముఖాలను రోజూ కంప్యూటర్లో తెల్లగా చేస్తుంటాను, ఆరోజు ఆమె ముఖానికి ఏమీ చేయనక్కర్లేదు.

"జనం వస్తాండారప్పా. జబ్బు కొత్తలో వచ్చినోళ్ళు మల్ల ఇన్నేండ్లు తొంగి సూల్యా. ఇప్పుడు కూసోనీకె సాపలు సాల్తా లేవు మా ఇంట్లో."

ఆరోజు తూకంలో ఆమె ఒంట్లో నీళ్ళు ఎప్పటికంటే ఎక్కువ ఉన్నాయి. సూది గుచ్చే పిల్ల కోప్పడింది. అక్క తిరిగి దాన్ని తిట్టింది. మిషన్ దిగాక, చేతికి కట్టిన గుడ్డను రెండో చేత్తో అదిమి పట్టుకుని నా మంచం దగ్గర ఆగింది.

"సోమవారం వస్తావు గదా అక్కా?" అన్నాను. అలవాటుగా అడిగానంతే.

"రాక యాడికి పోతా. రెండో బుక్కు రాయల్ల గదా నువ్వు. నేను చెప్పకుంటే నీకేం వస్తాది?"

శుక్రవారానికీ సోమవారానికీ నడుమ రెండు రోజులుంటాయి. మిషన్ లేని విరామాల్లో అదే పెద్దది. మాకు అందరికీ ఆదివారం అంటే కొంచెం భయం. చర్చిలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సోమవారం పక్క మంచం ఖాళీగా ఉంది. ఫోను ఎత్తడం లేదన్నారు. బుధవారం పొద్దున ఆ మంచంలో వేరే మనిషి ఉన్నాడు. ఖాళీ కోసం ఎదురుచూసే జనం ఎప్పుడూ ఉంటారు, మంచం చల్లారేదాకా ఆగలేరు. ఆ కొత్తమనిషి రక్తం సగం కడగడం అయ్యేసరికి బావ వచ్చాడు. అలవాటు కొద్దీ ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. కొత్తమనిషి ఎవరీయన అన్నట్టు చూశాడు.

"ఆదివారం పొద్దున శానామంది వచ్చినారప్పా" అన్నాడు బావ. "సూడనీకె పోవాలని బుక్కులో ఉండాదంట గదా. ఎవురూ ఉత్తసేతుల్తో రాల్యా."

నేను ఫోనును దిండు కింద పెట్టాను.

"ట్యాంకరు వచ్చింది. ఆడోళ్ళంతా మా ఇంట్లోనే ఉండారు. నీల్లు పట్టనీకె నేను పోయినా. నేను పోకుండా ఉండింటే..." అని ఆపి, స్టూలును కొంచెం ముందుకు జరుపుకున్నాడు. "నోటికాడ పెట్టుకోని పక్కన పెడతాదిలే అనుకుంటి. దానికి తెలుసు గదప్పా. బిందెలు దించి సూస్తే అన్నీ నీల్లు ల్యాని టెంకాయలే. సాయంత్రానికి సేతులు పట్టు తప్పినాయి. ఆమైన గుండె."

"మాట్లాడిందా బావా?"

"తిట్టింది. టెంకాయలన్నీ తాగేస్తి, నీకు ఒగటి గూడా పెట్టల్యా అని నగింది." మిషన్ వైపు తిరిగాడు. "దాహం తీరినట్ల ఉండాదప్పా మొగం."

దాహం తీరిన ముఖం ఎట్లా ఉంటుందో నాకు గుర్తు లేదు. కాబట్టి ఆ మాట నిజమో కాదో చెప్పలేను. దాహానికి తాగిందా, అంత దూరం ఎండలో నడిచొచ్చినవాళ్ళు నొచ్చుకుంటారని తాగిందా, చాలనుకుని తాగిందా, అదీ చెప్పలేను. మూడూ నాకూ ఉన్నాయి. ఒకదాన్నుంచి ఒకటి విడదీసి చూడడం నాకింతవరకు చేతకాలేదు. మొదట్లో చెప్పిన వీరమరణం ఇదే. చాప మీద, చుట్టూ టెంకాయ చిప్పలు.

పోయేటప్పుడు బావ వచ్చే సుగ్గికి తానూ పోతానని చెప్పాడు. నడుము నొప్పి తగ్గిందా అని అడిగాను. తగ్గలేదన్నాడు.

పుస్తకానికి బాగా గిరాకీ ఉంది. రెండోసారి వేయాలని అయ్యగారు షాపుకు వచ్చాడు. అక్క సంగతి అప్పటికే విన్నాడు. ఆమె మీద ఒక అధ్యాయం రాయమన్నాడు, ధైర్యంగా బతికి ధైర్యంగా పోయిన తల్లి అని. నేను 'నీళ్ళు' అధ్యాయం ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన పెన్ను తీయకుండా చదివాడు. ఉమ్మేది, పుక్కిలించేది అన్నీ చదివాడు. ఆఖరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగాడు.

"ఇది ముందరే రాసింటివి గదా" అన్నాడు.

"రాసింటి అయ్యగారూ."

ఆయన కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకోలేదు. బయట ఎవరో ఫ్లెక్సీ కోసం వచ్చి నిలబడి ఉన్నారు.

"అధ్యాయం అధ్యాయంగానే ఉండనీ. ఆ ఆఖరి మాట మాత్రం అందరికీ కనపడేచోట పెట్టు" అన్నాడు చివరికి.

"మొదటి పేజీలో పెడతా."

"మొదటి పేజీలో సంఘ పెద్దల ఫోటోలు ఉండాయి గదా."

"అయితే వెనక అట్ట."

వెనక అట్ట మీద పెద్ద అక్షరాలతో పెట్టాను. పూల అంచు తీసేశాను. కిడ్నీ రోగిని చూడడానికి పోయేవాళ్ళు టెంకాయలు, చీనీకాయలు, అరటిపండ్లు తీసుకుపోవద్దు. ఏదో ఒకటి తీసుకుపోక తప్పదనుకుంటే ఒక ఆపిల్ చాలు. తొక్క తీసి, సగమే పెట్టాలి.